తలపడని జట్ల తారతమ్యం

తమలో తాము ఎన్నడూ తలపడని ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు న్యాయమైన సమాధానం వుందా? ఈ ప్రశ్న కవుల గురించి అడిగితే పెద్ద నష్టం లేదు. తిక్కన గొప్పా, పోతన గొప్పా అని మనం తెల్లవార్లూ వాదించుకున్నా ఆ ఇద్దరిలో ఎవరి కీర్తికీ లోటు రాదు. ఆటల విషయం అట్లా కాదు. అక్కడ సమాధానాన్ని బట్టి ఒక జట్టు రైలెక్కుతుంది, ఇంకొక జట్టు ఇంటి దగ్గర వుండిపోతుంది. రైలెక్కినవాడికి ఒక కాయితం వస్తుంది. ఆ కాయితాన్ని బట్టి కొన్నేళ్ళ తరువాత ఉద్యోగం వచ్చినా రావచ్చు. కనక దీన్ని కాలక్షేపపు వాదన అనుకోవటానికి వీల్లేదు.

ఈ వాదనను అందరికన్నా పట్టుదలగా సాగించేవాళ్ళు అమెరికా వాళ్ళు. అక్కడి కాలేజీలు ఆడే ఫుట్‌బాల్ మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగా వుండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. పై తరగతిలో నూటముప్పైకి పైగా యూనివర్సిటీ జట్లున్నాయి. ఆట మొరటుది గనక ఒక జట్టు ఏడాదికి పన్నెండు, పదమూడు ఆటలకు మించి ఆడటం కష్టం. వాటిలో అధిక భాగం ‘కాన్ఫరెన్సు’ అనబడే తన కూటమి లోపలే జరుగుతాయి. ఒక కూటమి విజేతకూ మరొక కూటమి విజేతకూ మధ్య పోటీయే వుండకపోవచ్చు. అయినా దేశం మొత్తానికి వరస కట్టాలి. 1936 నుంచీ అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ పత్రికా రచయితల చేత ఓట్లు వేయించి ఈ వరసను ప్రకటిస్తున్నది. 2014 నుంచి 13 మంది సభ్యుల సంఘం ఒకటి కూర్చుని, చివరి పోటీలకు నాలుగు జట్లను ఎంపిక చెయ్యటం మొదలుపెట్టింది.

2023 డిసెంబరు 3న ఆ సంఘం చేసిన నిర్ణయం చూడండి. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఆ ఏడు ఆడిన 13 ఆటలూ గెలిచి తన కూటమికి విజేత అయింది. అలబామా ఒక ఆట ఓడింది. సంఘం అలబామాను నాలుగో స్థానంలో తీసుకుని, ఫ్లోరిడా స్టేట్‌ను అయిదో స్థానంలో పెట్టి బయట వుంచింది. రెండు కారణాలు చెప్పారు: అలబామా వున్న కూటమి గట్టిది, అంతవరకూ మొదటి స్థానంలో వున్న జార్జియాను అది ఓడించింది, ఫ్లోరిడా స్టేట్ జట్టుకు ఆయువుపట్టు వంటి కుర్రవాడు నవంబరులో కాలికి దెబ్బ తగిలి పడిపోయాడు, అతను లేని జట్టు మునుపటి జట్టు కాదు. అదే నెల 30న ఫ్లోరిడా స్టేట్ వేరొక పోటీలో జార్జియాతో ఆడి 63–3 తేడాతో చిత్తుగా ఓడిపోయింది. సంఘాన్ని సమర్థించేవాళ్ళు “మేం చెప్పలేదా?” అన్నారు.

ఈ “మేం చెప్పలేదా” దగ్గర కాస్త ఆగాలి. ఆ ఆటకు ఫ్లోరిడా స్టేట్ ముఖ్య ఆటగాళ్ళు చాలామంది రానేలేదు. కప్పు ఆశ పోయినాక వొళ్ళు విరగ్గొట్టుకోవటం దేనికని తప్పుకున్నారు. తలుపు మూసి, మూసినందువల్ల నీరసించినవాణ్ణి చూపించి, “వీడికి లోపలికి వచ్చే శక్తి లేదు గనకనే మూశాం” అనటం తర్కం కాదు. ఆ సంగతి అటుంచినా, అసలు చిక్కు ఇంకొకటి వుంది. సంఘం వెతికింది సమర్థత — రేపు ఆడితే ఎవరు గెలుస్తారన్నది. కుర్రవాళ్ళు సంపాదించుకున్నది అర్హత — నిన్నటి దాకా ఏం గెలిచారన్నది. ఈ రెండూ సాధారణంగా కలిసే నడుస్తాయి గనక మనం వాటి తేడాను పట్టించుకోం. అవి విడిపోయిన రోజున మాత్రం ఏదో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. “అన్నీ గెలవండి” అని ఏడాదంతా చెప్పి, అన్నీ గెలిచినాక కొలబద్ద మార్చటం సమర్థత పేరుతో జరిగినా సరే, అన్యాయమేనని నా అభిప్రాయం.

ఇదంతా పాలమూరు వాళ్ళకు దేనికని పాఠకులు అడగవచ్చు. మన కాలేజీ ఆటలకు టెలివిజన్ సొమ్ము లేదు, లక్షమంది జనం లేరు. నిజమే. కాని కూటములు మనకూ వున్నాయి, పేర్లు వేరు.

వనపర్తినే తీసుకోండి. రాజావారి భవనంలో పాలిటెక్నిక్ కాలేజీ వుంది. అదే వూళ్ళో డిగ్రీ కాలేజీ వుంది. పాలిటెక్నిక్ వాళ్ళ పోటీలు పాలిటెక్నిక్ వాళ్ళతో. డిగ్రీ వాళ్ళవి యూనివర్సిటీ కాలేజీలతో. ఒకే వూరి గాలి పీల్చే ఈ రెండు జట్లు పోటీల పట్టికలో ఎన్నడూ ఎదురుపడవు. ఎవరు గొప్ప అన్నది టీ కొట్టు దగ్గర తేలవలసిందే.

ఇకపోతే 2008 దాకా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కాలేజీలు ఉస్మానియా యూనివర్సిటీ కింద వుండేవి. ఆ ఏడు మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఏర్పడింది. గద్వాల కోట లోపలి కాలేజీలో చదివే కుర్రవాడికి అప్పటి నుంచీ కూటమి మారింది. మునుపు అతను యూనివర్సిటీ జట్టులోకి రావాలంటే హైదరాబాద్ నగరపు కాలేజీల కుర్రవాళ్ళందరినీ దాటాలి. ఇప్పుడు పాత మహబూబ్‌నగర్ జిల్లా కాలేజీల వాళ్ళను దాటితే చాలు. కాని కాయితం రెండు కాలాల్లోనూ ఒకటే. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తన యూనివర్సిటీ తరఫున ఆడినవాడికి ఇచ్చే ధ్రువపత్రం — కేంద్ర ప్రభుత్వపు నమూనాల్లో ఫారం-3 — ఏ యూనివర్సిటీ అని తారతమ్యం చెయ్యదు.

వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయిన నా మిత్రుడు ఒకరు ఈ మాట ఎత్తితే మండిపడతాడు. “గప్పుడు ఉస్మానియా జట్టుల పేరు రావాలంటే పానం పోయేది. ఇప్పుడు సంతల దొరికినట్టు దొరుకుతున్నది. రెండిటికీ కాయితం ఒక్కటేనా?” అని అతని ప్రశ్న. అతను అసూయపరుడేమీ కాదు. తన వూరి పిల్లల కోసం సొంత డబ్బుతో బంతులు కొన్న మనిషి. అతని ప్రశ్నలో బలం వుంది. పెద్ద చెరువులో పెద్ద చేపకూ, చిన్న కుంటలో పెద్ద చేపకూ తేడా లేదనటం కళ్ళు మూసుకోవటమే. అభ్యుదయం పేరుతో “అందరూ సమానమే” అని తేల్చేసేవాళ్ళు ఆటను అవమానిస్తున్నారు. ఆట అనేదే అందరూ సమానం కాదని తేల్చటానికి పుట్టింది.

కాని ఆ పెద్ద చెరువులోకి ఎవరు రాగలిగేవారు? ఎంపికలు హైదరాబాద్‌లో. గద్వాల నుంచి పోవాలంటే ద్రోణాచలం వైపు నుంచి వచ్చే రైలుంది. వనపర్తి వాడికి వనపర్తి రోడ్డు అనే స్టేషనుంది — ఆ పేరు నమ్మి అక్కడ దిగినవాడికి వనపర్తి ఎక్కడా కనిపించదు, ఇంకా బస్సెక్కాలి. నాగర్‌కర్నూలుకు రైలే లేదు. రాత్రంతా ప్రయాణం చేసి, పొద్దున ఏదో ఒకటి తిని, కొత్త మైదానంలో అరగంట ఆడి చూపించాలి. నగరపు కుర్రవాడు ఇంట్లో నిద్రపోయి వస్తాడు. ఎంపిక చేసేవాళ్ళు అతని ఆట ఏడాదిగా చూస్తున్నారు. అంటే ఆనాటి ఎంపిక కొలిచింది ఒక్క ఆటనే కాదు. ఆటనూ, చార్జీలు పెట్టుకోగల శక్తినీ, నలుగురి కళ్ళలో పడే అవకాశాన్నీ కలిపి కొలిచింది. కలిపి కొలిచినదాన్ని అంతా ఆటేనని చెప్పుకున్నది. మా మిత్రుడి మాట ప్రకారం ఉస్మానియా కాయితానికి విలువ ఎక్కువ అనుకుందాం. ఆ ఎక్కువలో ఎంత ఆట, ఎంత రైలు చార్జీ? ఈ లెక్క తేల్చకుండా పాలమూరు కాయితం చవక అనటం తొందరపాటు.

కొలత తగ్గించి చూడటమనే పని మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో కూడా ఆలోచించాలి. 2024 జనవరిలో హైదరాబాద్ బ్యాటరు తన్మయ్ అగర్వాల్ రంజీ ట్రోఫీలో 181 బంతుల్లో 366 పరుగులు చేశాడు. 147 బంతుల్లో మూడు వందలు దాటాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అంత వేగంగా అంతకు ముందు ఎవరూ దాటలేదు. ఒక ఇన్నింగ్సులో 26 సిక్సర్లూ రికార్డే. ఎదుటి జట్టు అరుణాచల్ ప్రదేశ్. హైదరాబాద్ ఆ ఏడు కింది తరగతి అయిన ప్లేట్ విభాగంలో ఆడుతున్నది. వెంటనే సగం జనం “ఎవరి మీద కొట్టాడు?” అన్నారు. అడగవలసిన ప్రశ్నే. అయితే 366లో ఎంత తగ్గించాలి? సగమా, మూడో వంతా? ఆ విభాగంలో బలహీన జట్లతో ఆడి అంత వేగంగా అన్ని పరుగులు చెయ్యలేకపోయిన వాళ్ళందరి సంగతేమిటి? తగ్గించాలన్నవాళ్ళు ఎవరూ ఒక అంకె చెప్పరు. చెప్పకుండా పెదవి విరుస్తారు. పెదవి విరుపుకు అప్పీలు లేదు.

కాన్ఫరెన్సు వాదనలోనూ, ఉస్మానియా వాదనలోనూ నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపించేది ఈ గుండ్రని తర్కం: నీవు బలహీనులతో ఆడావు గనక నీ గెలుపు లెక్కలోకి రాదు, నీ గెలుపు లెక్కలోకి రాదు గనక బలవంతులతో ఆడే చోటికి నిన్ను పిలవం. వ్యాపారంలో దీన్ని అందరూ ఎరుగుదురు. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. మన కాలేజీల్లో చదివిన పిల్లలకు ఈ చక్రం ఒక్క ఆటలోనే కాదు, బతుకులో చాలా చోట్ల ఎదురవుతుంది.

దీనికి అంకెల్లో విరుగుడు వుందని కొందరు చదువుకున్నవాళ్ళ నమ్మకం. ఎప్‌సెట్ పరీక్ష చాలా పూటలు జరుగుతుంది. ఒక పూట ప్రశ్నపత్రం కష్టం, ఇంకొక పూటది సులువు. అందుకని సగటులను బట్టి మార్కులను సవరించి ఒకే వరస కడతారు. “ఆటలకూ అట్లా చెయ్యరాదా?” అంటారు. పరీక్షలో అది కొంతవరకు న్యాయమే, ఎందుకంటే ఎవరికి ఏ పూట పడుతుందన్నది వాళ్ళ తెలివిని బట్టి జరగదు. ప్రతి పూటా వచ్చిన వేలాదిమంది మొత్తం మీద ఒకే రకం వాళ్ళని అనుకోవచ్చు. ఆ అనుకోలు మీదే లెక్కంతా నిలబడి వుంది. పాలమూరు జట్టులో ఆడేవాళ్ళనూ, కాలికట్ యూనివర్సిటీ జట్టులో ఆడేవాళ్ళనూ చీట్లు తీసి పంచలేదు గదా! పుట్టిన వూరూ, అక్కడి మైదానమూ, చిన్ననాటి నుంచీ చూసిన ఆటా పంచినాయి. చీట్లు తీసి పంచనప్పుడు, ఒకరితో ఒకరు ఆడనప్పుడు, రెండు కూటముల మధ్య ఏ గణితమూ వంతెన కట్టలేదు. కట్టినట్టు కనిపిస్తే, కట్టినవాడి ముందస్తు అభిప్రాయం అంకెల వేషం వేసుకుందన్నమాట.

చదరంగం చూడండి. ఏ ఆటలోనూ లేనంత శాస్త్రీయమైన రేటింగు పద్ధతి దానికుంది. అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో దాన్ని స్వీకరించింది. అయినా 1987లో ఫిడే ఒక విచిత్రమైన పని చేసింది. స్త్రీలు ఎక్కువగా స్త్రీలతోనే ఆడుతున్నారు గనక వాళ్ళ అంకెలు పురుషుల అంకెలతో పొసగటం లేదని, ఆడుతున్న స్త్రీలందరికీ తలా 100 పాయింట్లు కలిపింది — ఒక్క సుసాన్ పోల్గార్‌కు తప్ప. ఆమె పురుషులతో ఆడేది గనక ఆమె అంకె సరైనదేనట. అంతవరకూ స్త్రీలలో మొదటి స్థానంలో వున్న ఆమె, ఒక్క ఎత్తు కూడా వెయ్యకుండా ఆ స్థానం పోగొట్టుకున్నది. బలవంతుల కూటమిలోకి ధైర్యంగా పోయి ఆడినదానికి దక్కిన ఫలితం అది! ఫిడే గుర్తించిన లోపం కల్పితం కాకపోవచ్చు. కాని దాన్ని దిద్దటానికి ఎంచుకున్న 100 అనే అంకె లెక్కలోంచి ఊడిపడింది కాదు, సమావేశంలో కూర్చుని నిర్ణయించింది.

మరి విరుగుడు ఏమిటి? ఒకసారి హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర తిరగేస్తే తెలుస్తుంది. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అన్న అభిప్రాయం గట్టిగా వున్న రోజులవి. ఆ అభిప్రాయానికి ఆధారం లేకపోలేదు. కాని 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు ఎవరికీ వదల్లేదు. జట్టును తీర్చినవాడు ఎస్. ఎ. రహీమ్, బడిపంతులుగా బతుకు మొదలుపెట్టినవాడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. హైదరాబాద్ రాష్ట్ర జట్టు కూడా 1956–57లో, ఆ మరుసటి ఏడూ సంతోష్ ట్రోఫీ గెలుచుకున్నది.

దీన్ని కేవలం ప్రతిభా విజయంగా చెప్పుకోవటం మనకు అలవాటు. ప్రతిభను ఎవరూ కాదనలేదు. కాని బొంబాయికీ ఢిల్లీకీ పోయి ఆడటానికి ఆ కుర్రవాళ్ళకు ఏముంది? పోలీసు శాఖలో నౌకరీ వుంది. నెల తిరిగేసరికి జీతం వుంది, ఆటకు సెలవుంది. హైదరాబాద్ గొప్పదా, కలకత్తా గొప్పదా అన్నది ఏ పదముగ్గురు పెద్దలూ కూర్చుని తేల్చలేదు. అందరికీ తెరిచివున్న పోటీ ఒకటి వుంది. అక్కడికి పోగల స్తోమత ఒక ప్రభుత్వ శాఖ ఇచ్చింది. ఇద్దరూ మైదానంలో కలుసుకున్నారు. కలుసుకున్నాక కూడా వాదన పూర్తిగా తీరలేదు, నిజమే. ఒకటి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మొదటిదాన్ని ఓడించటం ఆటల్లో మామూలే. కాని అది కలుసుకున్నవాళ్ళ వాదన. ఓడినవాడికి మళ్ళీ వచ్చే ఏడు వుంటుంది.

ఇప్పటి యూనివర్సిటీ పోటీలకు వద్దాం. భారత విశ్వవిద్యాలయాల సంఘం దేశాన్ని నాలుగు జోన్లుగా విభజించింది. ఫుట్‌బాల్‌లో ఒక్కో జోన్ నుంచి నాలుగేసి జట్లు అఖిల భారత పోటీకి పోతాయి. మన పిల్లలు వుండేది సౌత్ జోన్. అందులో కేరళ యూనివర్సిటీల బలం దేశమంతా ఎరిగినదే. జోన్ ఫుట్‌బాల్ మొదటి దశలు నాకౌట్ పద్ధతి గనక, గద్వాల కుర్రవాడు ఏడాదంతా కలలుగన్న పోటీ తొంభై నిమిషాల్లో అయిపోవచ్చు. అతను ఓడినందుకు నాకు బాధ లేదు. అతను ఏడాది మొత్తంలో తనకన్నా బలమైన జట్టుతో ఆడిన ఆట అదొక్కటే కావటం మాత్రం చిన్న విషయం కాదు.

“నాలుగు జోన్లూ సమాన బలంతో వున్నాయా? సౌత్ జోన్‌లో అయిదో జట్టు ఇంకొక జోన్‌లో నాలుగో జట్టును ఓడించగలదు గదా! దానికి అన్యాయం కాదా?” అని మా మిత్రుడు మళ్ళీ అడుగుతాడు. అన్యాయమే. నాలుగేసి అన్న నియమం గుడ్డిది. కాని అది అందరికీ ముందే తెలిసిన గుడ్డితనం. ఆట మొదలుకాకముందే ఎన్ని స్థానాలున్నాయో, ఏం గెలిస్తే అవి వస్తాయో ప్రతివాడికీ తెలుసు. దాన్ని మార్చమని కేకవెయ్యటానికి నియమం కాయితం మీద వుంది. తలుపులు మూసుకుని సమర్థతను బేరీజు వేసే పదముగ్గురి మనసులో ఏముందో కాయితం మీద వుండదు. అమెరికా వాళ్ళు కూడా పదేళ్ళు కొట్టుకుని 2024లో నాలుగు జట్లను పన్నెండు చేశారు, అయిదు కూటముల విజేతలకు స్థానం ఖాయం చేశారు. తక్కిన ఏడు స్థానాలను ఇప్పటికీ సంఘమే పంచుతుంది. తగువూ అక్కడే నడుస్తున్నది. అదే 2024లో కూటములనూ తారుమారు చేసుకున్నారు. టెలివిజన్ సొమ్ము కోసం పసిఫిక్ తీరాన వున్న స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ అట్లాంటిక్ తీరం పేరున్న కూటమిలో చేరింది. మనకు నవ్వు వస్తుంది గాని, 2016 అక్టోబరు 11న మన జిల్లా నాలుగు ముక్కలైనప్పుడు కూడా ఏ పిల్లవాడి కాళ్ళ బలమూ మారలేదు. ఎవరితో పోటీపడి ఏ జిల్లా జట్టులోకి రావాలన్నదే మారింది.

అయిదో జట్టుకు నేను చెప్పగల దారి ఒకటుంది. జోన్ల మధ్య బలాబలాలు కూర్చుని వూహించటం మాని, ఒక జోన్ అయిదో జట్టును మరొక జోన్ నాలుగో జట్టుతో అఖిల భారత పోటీకి ముందు ఆడించాలి. రెండు రోజుల పని. ఇక్కడ, మన దగ్గర, ఆ పని ఇంకా చిన్నది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కాలేజీలు ఏడాదికొకసారి ఎంపిక కోసం ఒకచోట పోగవటంతో సరిపెట్టుకోకుండా, నవంబరు నుంచి జనవరి దాకా ఒకరి వూరికి ఒకరు పోయి ఆడవచ్చు. వనపర్తి పాలిటెక్నిక్ జట్టును కూడా కలుపుకోవచ్చు. ఈ మాట చెప్పినప్పుడు మా మిత్రుడు వెంటనే చార్జీల లెక్క వేశాడు: జట్టుకు పదహారు మంది, వెంట ఒక పంతులు, రానూపోనూ బస్సు, ఒక పూట భోజనం. ఆ డబ్బు ఆటల ఫీజులోంచి ఇవ్వవచ్చునా, ప్రిన్సిపాల్ సంతకం చాలునా, యూనివర్సిటీ అనుమతి కావాలా అన్నది అతను కనుక్కుంటున్నాడు.